శఠగోపం తాత చక్కెరపొంగలిని కట్ట దాటించిన వైనం

రేణిగుంటలో లెక్కల అయ్యవారుగా పనిచేసి రిటైరైన శఠగోపం తాత, బతుకులో సగం పులినీ మేకనూ గడ్డిమోపునూ ఏరు దాటించడంలోనే గడిపాడు. పడవలో ఒక్కదానికే చోటు. పులితో వదిలితే మేక మిగలదు, మేకతో వదిలితే గడ్డి మిగలదు. పెళ్ళికి పోయినా ఈ లెక్క అడగనిదే ఆయన తాంబూలం పుచ్చుకోడు. ఇంతా చేసి, నిజంగా దాటాల్సిన ఏరు మాత్రం ఆయనకు ఎన్నడూ తగల్లేదు.

ఆండాళ్ అమ్మవారు పుట్టిన తిరునక్షత్రం నాడు తగిలింది. వానకు రైలుకట్ట కింది దారి మునిగి ఆటోలు ఆగిపోయాయి. కట్ట ఎక్కి దాటగలిగే బండి తాత మోపెడ్ ఒక్కటే. కోవెల కట్టకు అవతల ఉంది. భార్య గోదాదేవి మొక్కుకున్న చక్కెరపొంగలి ఇవతల ఇత్తడి గిన్నెలో పొగలు కక్కుతోంది. అమ్మవారికి ఆరగింపు కాకముందే ఒక్క మెతుకు ఎవరి నోట పడినా మొక్కు చెడుతుంది. చెడితే గోదాదేవి మరిచిపోదు, తాతను మరిచిపోనివ్వదు.

పొంగలికి గండమల్లా తాతకు అక్క అయిన వరలక్ష్మమ్మ. తీపి చాలిందో లేదో నాలుక మీద వేసుకోనిదే ఆమెకు ఊపిరాడదు. పైగా పచ్చకర్పూరం ఎవరు వేయాలని తెల్లారినప్పటి నుంచీ వదినామరదళ్ళకు పోట్లాట. ఇద్దరినీ ఒకచోట వదిలితే ఎవరో ఒకరు అలిగి కోవెలకు రారు.

గిన్నెను ఒళ్ళో పెట్టుకుని మోపెడ్ వెనక కూర్చుంటానని గోదాదేవి అంది. తాత వినలేదు. రెండింటిని ఎక్కిస్తే అది లెక్కే కాదన్నాడు.

ముందు అక్కను అవతల దించాడు. తిరిగి వచ్చి గిన్నెను తీసుకుపోయి గట్టు మీద పెట్టి, అక్కను మళ్ళీ బండెక్కమన్నాడు.

"ఇప్పుడే గదరా దించినావు. మళ్ళా యాడికి?"

"ఇంటికే అక్కా. మధ్యలో నువ్వొకసారి ఎనక్కి రావాల. లెక్క అట్లుండాది."

"ఆ లెక్కలో నేనెవురురా?"

మేక అని చెప్పే ధైర్యం చాలక తాత బండి స్టార్టు చేశాడు.

అక్కను ఇంటి దగ్గర దించి, గోదాదేవిని ఎక్కించుకుని కట్ట దాటేసరికి గట్టు నిండా జనం. లెక్కలో ఒడ్డున ఎవరూ ఉండరు. తిరుపతి చుట్టుపక్కల అట్లా కాదు. అరిటాకు కప్పిన గిన్నె ఒంటరిగా కనబడితే ఎవరూ ముట్టుకోరు, దాని ముందు వరుస కడతారు. వెనకవాళ్ళకు ఏం పెడతారో కూడా తెలియదు. ఇంకా ఆరగింపు కాలేదని గోదాదేవి చెప్పింది. తాత చేతులు జోడించాడు. వరుసలో చోటు దొరికినవాడు కదులుతాడా?

"మీ పని కానీండి సామీ, మాకేం తొందర లేదు" అన్నాడు వరుసలో ముందున్న, పూలమ్మే మునిప్రసాద్.

చివరి విడతలో దిగిన వరలక్ష్మమ్మ ఆ జనాన్ని చూసి నేరుగా పోయి గిన్నె చెవి పట్టుకుంది.

"ఆ పక్క నువ్వు పట్టు గోదా. వీడి లెక్కను నమ్ముకుంటే అమ్మోరికి ఉత్త గిన్నే మిగల్తాది."

ఒకరు వదిలితే రెండోవాళ్ళది పైచేయి అవుతుందని ఇద్దరూ చెవులు వదల్లేదు. గిన్నె నడిచింది. వెనకే వరుస తెగకుండా కోవెల దాకా నడిచింది. ఆరగింపయ్యాక ఒకరు దొప్పలందిస్తే ఒకరు వడ్డించారు. తాత పక్కనుంచి చెయ్యి చాపాడు.

"లైనుండాది, కనపళ్ళేదా?" అంది గోదాదేవి.

"చివరికి పోరా" అంది వరలక్ష్మమ్మ.

తాత పోయి చివర నిలబడ్డాడు. ఆయన వంతు వచ్చేసరికి గిన్నెలో మాడు మాత్రమే ఉంది. దాన్ని ఇద్దరూ కలిసి గీకి, ఆయన దొప్ప నిండా పెట్టారు.