కాగితం లేకుండా కొల్లేరు

ఈ ప్రయాణానికి కారణం మా అన్నయ్య. తాడేపల్లిగూడెంలో మాకు కిరాణా కొట్టు ఉంది, దాన్ని చూసేది అతనే. నేను ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెబుతాను. కిందటేడు మూడు నెలల జీతం కూడబెట్టి, హైదరాబాదులో సెకండ్ హ్యాండులో ఒక అరచేతి కంప్యూటర్ కొన్నాను. చిన్న పుల్లతో తెర మీద గీకితే అక్షరాలు పడతాయి. తెలుగు మాత్రం దానికి రాదు, అన్నీ డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తాయి. అందుకని తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటాను. తెలుగు పుస్తకాలైతే ఒక్కో పేజీ స్కాన్ చేసి, బొమ్మగా మార్చి, మెమరీ కార్డులో వేసుకుని చదువుతాను. విదేశాల్లో పుస్తకాలు చదవడానికే వేరే యంత్రాలు వచ్చాయట, ఎండలో కూడా అచ్చు కాగితంలా కనిపిస్తాయట. వాటికీ తెలుగు రాదు. వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవడం నా వల్ల కాదు.

అన్నయ్య దీన్ని “నీ పలక” అంటాడు. ఒకరోజు భోజనాల దగ్గర మాటామాటా పెరిగింది. “కాగితం, పెన్ను ముట్టుకోకుండా ఒక్క రోజు దాంతో పనికొచ్చే పని చేసి చూపించు. మధ్యలో అది మొరాయిస్తే మొబైల్ షాపులో ఇచ్చేసి మామూలు ఫోను తెచ్చుకోవాలి, సరేనా?” అన్నాడు. సరే అన్నాను. పని కూడా అప్పటికప్పుడే చెప్పాను. నాది జువాలజీ డిగ్రీ. చేపల లాటిన్ పేర్లు బట్టీ పట్టి పాసయ్యాను కానీ, మాకింత దగ్గరలో ఉన్న కొల్లేట్లో వాటిని ఏమని పిలుస్తారో నాకు తెలియదు. మా ఇంట్లో చేప తినరు కాబట్టి వినే అవకాశమూ లేదు. ఆ పేర్లు చేపలు పట్టేవాళ్ళ నోటి నుంచే విని రాసుకొస్తానన్నాను.

డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున్న ఆరూ నలభైకి పాసింజరు ఎక్కాను. టికెట్ పదకొండు రూపాయలు. భీమడోలు, దెందులూరు దాటి ఏలూరు చేరేసరికి ఎనిమిది కావొచ్చింది. అక్కడినుంచి గుడివాకలంకకు బస్సులు తక్కువ. షేర్ ఆటో మేలు, మనిషికి పదిహేను రూపాయలు, ముప్పావు గంట ప్రయాణం. ఆటో నిండేదాకా కదలదు. ఖర్చులు రాసుకుంటుంటే డ్రైవరు అద్దంలోంచి చూశాడు.

“అదేంటండీ, గేములాడేదా?”

“కాదండీ, రాసుకునేది.”

“ఆ పుల్లతోనా? సిరా ఎక్కడ పోస్తారండీ?”

వెనక కూర్చున్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను కానీ రాయడం ఆపలేదు.

తొమ్మిదిన్నరకు ఊరు చేరాను. ఆటో దిగినచోటే పడవ నడిపే రాంబాబు గారు కలిశారు. నలభై దాటిన మనిషి. సగం పూట తిప్పడానికి నూట యాభైకి ఒప్పుకున్నారు. ముందు గట్టు పక్కనే ఉన్న వాళ్ళింటికి తీసుకెళ్ళారు. ఆయన భార్య మంగమ్మ గారు టీ ఇచ్చారు. టీ తాగి, గ్లాసు ఆవిడ చేతికిచ్చి, ఆయన వెనకే పడవెక్కాను.

నీళ్ళ మీద పక్షులు గుంపులు గుంపులుగా ఉన్నాయి. నాకు వాటి మీద ధ్యాస లేదు. రాంబాబు గారు గెడ వేస్తూ ఒక్కో పేరూ చెబుతుంటే గీకుతున్నాను. కొరమీను, జెల్ల, వాలుగ, ఇంగిలాయి, మట్టగిడస, గొరక. పదకొండింటికల్లా ముప్పై ఒక్క పేర్లయ్యాయి. ఆయన తన మొబైల్‌ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి తాడుతో మెడకు వేలాడేసుకున్నారు.

“ఇది మూడుసార్లు నీళ్ళలో పడిందండీ, ఇంకా మోగుతోంది. మీది పడితేనో?”

“మోగదండీ.”

“పోనీ, పాటలైనా వస్తాయా?”

అక్కడే తప్పు చేశాను. “రాకేం!” అని సౌండు పూర్తిగా పెంచి, తెర వెలుగు కూడా పెంచి, వరుసగా పాటలు పెట్టాను. అవతలి పడవవాళ్ళు కూడా దగ్గరకొచ్చి విన్నారు. పది పాటలు అయ్యాయో లేదో తెర నల్లబడింది. ఎంత నొక్కినా ఉలకలేదు.

ఈ పాతరకం యంత్రాల సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట. మనం రాసుకున్నదంతా బ్యాటరీ బలం ఉన్నంతవరకే లోపల నిలుస్తుంది. బ్యాటరీ పూర్తిగా పడిపోతే అంతా తుడిచిపెట్టుకుపోతుంది. కార్డులోకి ఎక్కించినవి మాత్రం ఉంటాయి. ఇది నాకు బాగా తెలుసు. ఎక్కించలేదు. నా బ్యాటరీ ఎంత ముసలిదో కూడా తెలుసు.

ఒడ్డుకు వచ్చేశాం. సంచిలో చార్జరు ఉంది, ఊళ్ళో కరెంటు లేదు. “రెండింటికి గానీ రాదండీ” అన్నారు మంగమ్మ గారు. రాంబాబు గారు చేపల చెరువు కాపలాకు వెళ్ళిపోయారు, మళ్ళీ రాత్రికే వస్తారట. నా మొహం చూసి మంగమ్మ గారు లోపలినుంచి వాళ్ళమ్మాయి నోటుపుస్తకం, పెన్ను తెచ్చారు.

“గుర్తున్నవి దీంట్లో రాసేసుకోండమ్మా, పోతాయి.”

“వద్దండీ.”

“అదేం పంతమండీ?”

“పంతమేనండీ.”

ఆవిడ నవ్వి, నాకోసం విడిగా పప్పు వండి పెట్టారు. “తినని చేపల పేర్లకు ఇంత తిప్పలేంటండీ!” అని వడ్డించినంతసేపూ ఆటపట్టిస్తూనే ఉన్నారు.

రెండూ పదికి కరెంటు వచ్చింది. చార్జరు పెట్టాను. తెర వెలిగింది. నాలుగు మూలలా పుల్లతో నొక్కమని అడిగింది, తేదీ చెప్పమంది. కొన్న రోజున అడిగినట్టే అడిగింది. ముప్పై ఒక్క పేర్లూ పోయాయి. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటే పంతొమ్మిది గుర్తొచ్చాయి. చెప్పిన మనిషి ఊళ్ళో లేరు.

“ఆయనొస్తే గానీ కుదరదన్నమాట” అన్నాను, పైకే.

మంగమ్మ గారు గిన్నెలు తోముతున్నావిడల్లా ఆగారు. “ఏం, నేను చెప్పకూడదేంటండీ? బుట్టలో పడ్డదాన్ని ఏరేది నేను, తోమేది నేను, వండేది నేను.”

నాకు తల కొట్టేసినట్టయింది. ఆడపిల్లకు ఈ యంత్రాలెందుకన్నవాళ్ళందరితోనూ పోట్లాడినదాన్ని, పేర్లు అడగడానికి మాత్రం నేరుగా మగమనిషి పడవెక్కాను. ఈవిడకు ఖాళీ గ్లాసు ఇచ్చాను.

“చెప్పండి పిన్నిగారూ” అన్నాను. వైరు పొట్టిది కావడంతో గోడ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని గీకడం మొదలుపెట్టాను. ఆవిడ ఆయన చెప్పినవన్నీ చెప్పారు. అంతటితో ఆగలేదు. “అవి అమ్ముడుపోయేవండీ. మేం వండుకునేవి ఆయనెందుకు చెబుతారు? బజారుకెళ్ళనివి ఆయన లెక్కలో చేపలే కావు” అని, బుట్ట అడుగున మిగిలే చిన్న చిన్నవాటి పేర్లు ఇంకో పదిహేను చెప్పారు. ఏది పులుసుకు, ఏది వేపుడుకు, ఏది బాలింతకు పెడతారో కూడా చెప్పారు. మొత్తం నలభై ఆరు. ఈసారి కార్డులోకి ఎక్కించాకే లేచాను.

నాలుగున్నర ఆటోకు ఏలూరు, అక్కడినుంచి రైల్లో ఏడున్నరకు మా ఊరు. కొట్లో అన్నయ్య ఒక్కడే ఉన్నాడు. జరిగింది జరిగినట్టు చెప్పాను.

“అంటే మధ్యలో ఆగిపోయింది. ఓడిపోయావు.”

“ఓడిపోయాను.”

“ఐతే ఇటివ్వు.”

“ఇవ్వను.”

“మాటంటే మాట కాదా?”

“ఆ మాట ఇవ్వడమే నా తప్పురా అన్నయ్యా. నా వస్తువు నాకు పనికొచ్చిందో లేదో తేల్చాల్సింది నువ్వు కాదు.” అతను తూకం రాళ్ళు సర్దుకున్నాడు. నాలుగు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

కాగితమైతే ఈ బాధ ఉండేది కాదని ఇది చదివి మీలో కొందరు నాకు రాస్తారు, తెలుసు. నిజమే. కాగితమైతే పదకొండున్నరకే ముప్పై ఒక్క పేర్లతో ఇంటిదారి పట్టేదాన్ని, కొల్లేరు చేపలన్నీ తెలిసిపోయాయని అనుకునేదాన్ని. మంగమ్మ గారిని అడిగేదాన్నే కాదు. అది యంత్రం గొప్పతనమని నేను అనను, అది పాటల పిచ్చిలో నేను చేసిన పొరపాటు. అయినా నా పొరపాట్లు కూడా నావే. మన భాష రాని, బ్యాటరీ నిలవని ఈ ముసలి వస్తువుతోనే నేను తిరుగుతాను. నవ్వేవాళ్ళు నవ్వొచ్చు.

వెళ్ళేవాళ్ళకు ఒకటే సలహా. ఆ ఊళ్ళో పగటిపూట కరెంటు ఎప్పుడు పోతుందో పడవ ఎక్కకముందే అడగండి, ఆ అడగడమేదో ఇంట్లో ఆవిడను అడగండి.