వడకట్టిన రసం

షుగర్ వచ్చాక బెల్లం మానేశాను, టీలో పంచదార మానేశాను. పండులో తీపి ఏం చేయదని నమ్మి, మా ఆవిడ తీసిచ్చే బత్తాయి రసం మాత్రం రోజూ తాగేవాణ్ణి. అయినా షుగర్ దిగలేదు. చాటుగా స్వీట్లు తింటున్నానని ఆవిడకి అనుమానం.

ఒకరోజు అనకాపల్లి బస్టాండులో, ఎస్టీడీ బూత్ పక్క బెంచీ మీద కూర్చుని రసం సీసా మూత తీశాను. పక్కన కె. కోటపాడు బస్సు కోసం చూస్తున్న పెద్దాయన అడిగాడు.

"పిప్పి ఏటి సేసేరు బాబూ?"

"వడకట్టి తీసేసేం."

"మా సెరుకు గానుగ కాడా అంతే. పిప్పి తీసేత్తాం, రసం బెల్లమవుతాది. పండు నవిలి తినాల."

ఆయన బస్సొచ్చింది. నేను సీసా మూత పెట్టేశాను.

ఆ పిప్పి రెండేళ్ళుగా పక్కింటి గేదె తింటోంది. దానికి షుగర్ లేదు.