మూడు సీట్లు, మూడు ముఖాలు

ఇది రాయడం అవసరమా అనుకున్నాను, కానీ మధ్యాహ్నం నుంచి నా బుర్ర కుదురుగా లేదు. మా మనుమరాలు శ్రీజకు ఢిల్లీ, పుణే, చెన్నై యూనివర్సిటీల్లో సీట్లు వచ్చాయి. మూడింటికీ గడువు ఈ సాయంత్రం ఆరు గంటలే. ఐదో తరగతితో బడి మానిన నన్ను సలహా అడిగింది.

బొల్లారం మందుల కంపెనీల్లో పనిచేసిన రోజుల్లో, కొత్త చోట చేరేముందు గేటు దగ్గర నిలబడి షిఫ్టు దిగేవాళ్ల ముఖాలు చూసేవాణ్ని; అవి తేటగా ఉంటేనే చేరేవాణ్ని. అక్కడి టీ కూడా బాగుండేది, అది వేరే సంగతి. శ్రీజకూ ముఖాలు చూడమనే చెప్పాను. తను మూడు చోట్లా చదివే ఒక్కో పిల్లకు వీడియో కాల్ చేసి నాకు చూపించింది.

"ఎట్లున్నరు తాతా?"

"ముగ్గురూ నైట్ షిఫ్టు దిగినట్టే ఉన్నరు బిడ్డా. నాకేం సమజైతలేదు."

"నీ లెక్క గింతేనా ఇగ?"

ఇది చదివే మీరైతే ఏం చూసి చెప్పేవారో రాయండి.

ఆరుకు ఐదు నిమిషాలుండగా శ్రీజ, కాల్ పెట్టేసే ముందు నవ్వింది పుణే పిల్ల ఒక్కతేనంటూ పుణే సీటు ఒప్పుకుని, మిగతా రెండూ వదులుకుంది.