బజర్ ఆపిన చెయ్యి

మొన్న అద్దె కారెక్కితే బెల్టు పెట్టుకోమని ఒకటే కీచు చప్పుడు. డ్రైవరు విసుక్కుంటూ బెల్టును వీపు వెనకనుంచి తెచ్చి బిగించేశాడు. చప్పుడు ఆగింది. నాకు నవ్వొచ్చింది, వెంటనే గ్రేస్ మేడమ్ గుర్తొచ్చారు. ఎనభైల చివర్లో యానాంలో ఒక ఐస్ ఫ్యాక్టరీకి ఆవిడ ఇంజనీరు, నేను ఆవిడ దగ్గర కొత్తగా చేరిన అసిస్టెంటుని. ఫ్యాక్టరీ ఉన్నది కనకాలపేటలో. ఓనరు జీతాల లెక్కలకని కొన్న కంప్యూటరులో మా ఫ్యాక్టరీనంతా ప్రోగ్రాముగా రాసి నడిపించి చూసే పిచ్చి ఆవిడది.

ఒక మధ్యాహ్నం కంప్రెసర్ వేడెక్కి కాలిపోయింది. ఐసు అందక దరియాలతిప్ప జాలర్ల చేపలు పాడయ్యాయి. బజర్ మోగిందనీ, ఆపరేటరు సత్తిబాబే దాన్ని ఆపేశాడనీ తేలింది.

"ఓల్టేజీ పడినప్పుడల్లా మోగుద్ది కదండీ. అదే అనుకుని నొక్కేశానండి" అన్నాడు తల వంచుకుని.

ఓనరుగారు అతన్ని ఉద్యోగంలోంచి తీసేస్తానన్నారు. నాకూ అదే న్యాయమనిపించింది. మేడమ్ మాత్రం సోమవారం దాకా ఆగమన్నారు.

మర్నాడు చిన్నదైన రెండో కంప్రెసర్ నడుస్తుండగా సత్తిబాబు కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. పొద్దున బజర్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడి మీటర్లన్నీ చూశాను. భోజనాల వేళకి చెయ్యి దానంతటదే వెళ్లి నొక్కేస్తోంది.

"ఇప్పుడెందుకు మోగిందబ్బాయ్?" అన్నారు మేడమ్ వెనకనుంచి.

"ఓల్టేజీ అనుకుంటానండి."

"కాదు. వేడి ఎక్కువైనట్టు నేనే మోగించాను." నా మొహం చూసి ఆవిడ నవ్వేశారు. "మన ప్రోగ్రాములో మనిషి మోగిన ప్రతిసారీ లేచి చూస్తాడు. అలాంటోడు ఎక్కడున్నాడు? ఈసారి విసుగొచ్చేవాణ్ణి రాద్దాం."

ఉత్తుత్తి మోత విన్న కొద్దీ శ్రద్ధ తగ్గే మనిషిని రాశారు. నడిపిన ప్రతిసారీ తెర మీద కంప్రెసర్ కాలిపోయింది. ఓల్టేజీకి దీపం చాలని, వేడికి మాత్రమే బజర్ ఉంచి చూస్తే అదే మనిషి దాన్ని కాపాడాడు.

సోమవారం ఓనరుగారు ఆ తెర వంక చూసి పెదవి విరిచారు. "కంప్యూటర్ ఆట చూసి మనిషిని ఉంచుకోమంటారేంటండీ?"

"ఆ కుర్చీలో నేనున్నా కాలిపోయేదే సార్. అన్నిటికీ ఒకే బజర్ చాలని ప్యానెల్ గీసిందాన్ని నేను. తీసెయ్యాలంటే ముందు నన్ను తీసెయ్యండి."

ఆవిడ జీతం మీదే ఇల్లంతా నడుస్తోందని నాకు తెలుసు. ఓనరుగారు మళ్లీ తెర వంక చూశారు. చివరికి "ఆ దీపాలేవో పెట్టించండి. సత్తిబాబుని డ్యూటీకి రమ్మనండి" అన్నారు. అంత తెగువ నేను మరెవరిలోనూ చూడలేదు.

తర్వాత నా తనిఖీ ఉద్యోగంలో చాలా ఫ్యాక్టరీల్లో ప్రమాదాల మీద రిపోర్టులు నా బల్ల మీదికి వచ్చాయి. 'ఆపరేటరు తప్పిదం' అని ఉంటే నేను వెంటనే సంతకం పెట్టను. ముందు వెళ్లి, ఆ ఆపరేటరు కుర్చీలో చెయ్యి అలవాటు పడేదాకా కూర్చుంటాను.