అయిందని గుర్తు పెట్టిన మందు

పాప జ్వరానికి ఆరు గంటలకోసారి మందు వేయమని రాజమండ్రి డాక్టరుగారు చెప్పారు. వేసిన ప్రతిసారీ వేళ లాప్‌టాప్‌లో ఎడిటర్ అనే రాసుకునే ప్రోగ్రాములో ఒక టెక్స్ట్ ఫైలు తెరిచి అందులో రాసి, పక్కన ‘అయింది’ అని టిక్కు పెడతాను. ఆ మధ్యాహ్నం తెరిస్తే ‘మందు’ అనే శీర్షిక కింద ఒక్క వరసా లేదు. ఉదయం వేసినట్టు గుర్తుంది. పన్నెండింటికి వేశానా?

“పిల్లకి మందేశావో లేదో ఆ పెట్టె చెప్పాలేంటమ్మా?” అన్నారు అత్తయ్య.

“వేసే ఉంటానండి.”

“ఉంటానంటే ఎలాగ? రెండోసారి పడితే?”

పాప ఒళ్ళు కాలిపోతోంది. వేయడానికీ భయమే, మానడానికీ భయమే. డ్రాపర్ పట్టుకుని అలాగే కూర్చున్నాను. చివరికి అదే ఫైలును నోట్‌ప్యాడ్ అనే వేరే ప్రోగ్రాములో తెరిచాను. ఉదయం ఆరు, మధ్యాహ్నం పన్నెండు, రెండు వేళలూ టిక్కులతో సహా ఉన్నాయి. పన్నెండు తర్వాత అప్‌డేట్ అయిన నా ఎడిటర్, టిక్కు పెట్టిన వరసలను దాచేయడం మొదలుపెట్టిందన్నమాట. సెట్టింగులన్నీ వెతికాను, మార్చే వీలు కనబడలేదు.

అప్పటినుంచి మందు వేశాక వేళ రాస్తున్నాను కానీ టిక్కు పెట్టడం లేదు. ఎప్పుడు తెరిచినా, వేసిన మందులన్నీ ఇంకా వేయాల్సినవాటిలాగే కనబడుతున్నాయి.