భయమేసినప్పుడు ముందుకొచ్చే చెయ్యి

ఆదివారం పూట అలమరలోంచి బొమ్మ విమానాన్ని నడిపే పాత రేడియో తీసి ఒళ్లో పెట్టుకుంటాను. కుడివైపు స్టిక్కును బొటనవేలితో మెల్లగా పైకి తోస్తే లోపల సన్నటి రేకు ఒకటి పళ్లకు తగులుతూ టిక్కుటిక్కుమంటుంది. ప్లేన్ ఎగరేయని రోజు కూడా ఆ చప్పుడు కోసం ఒకసారి తోసి చూస్తాను. నేను చూసినవాళ్లందరి రేడియోల్లో ఆ చప్పుడు ఎడమవైపు నుంచి వస్తుంది, మోటారు వేగం పెంచే స్టిక్కు అక్కడుంటుంది కాబట్టి. నా రేడియోలో కుడివైపు నుంచి రావడానికి కారణం మార్తమ్మ మేడం.

గుంటూరు నుంచి ప్రకాశం దాకా మిరపచేలకూ పత్తిచేలకూ డ్రోన్‌తో మందు కొట్టడం ఇప్పుడు నా పని. డ్రోన్ దింపగానే కుర్రాళ్లు చుట్టూ చేరి ఏ రిమోట్ కొనాలి, ఏ కంపెనీ మంచిది, ఎన్ని ఛానళ్లు ఉండాలి అని అడుగుతారు. ముందు మీది ఏ చేతి వాటమో చెప్పండి అంటాను. వాళ్లు నవ్వుతారు. నవ్వనీ. ఆ సంగతి నా విషయంలో ఎవరూ పట్టించుకోకపోయి ఉంటే ఈ పని నాకు దక్కేది కాదు. ఆ మాటకొస్తే, దక్కకుండా అడ్డం పడ్డవాళ్లు ఒకరూ ఇద్దరూ కాదు. అందుకే, పట్టించుకున్న ఆ మనిషి గురించి, ఆమెను ఎన్నడూ చూడనివాళ్ల కోసం ఈ నాలుగు మాటలు.

నాది పుర్రచెయ్యి. మా ఇంట్లో అదొక జబ్బు కింద లెక్క. అన్నం తినేటప్పుడు మా నాయనమ్మ నా ఎడమచేతిని తన కొంగులో చుట్టి ఒళ్లో పెట్టుకునేది. ప్రేమగానే పెట్టుకునేది, వదిలేది మాత్రం కాదు. మొక్కై వంగనిది మానై వంగుతుందా అని చుట్టాలు వచ్చినప్పుడల్లా మా అమ్మను హెచ్చరించి వెళ్లేవారు. బళ్లో పలక మీద కుడిచేత్తోనే దిద్దించారు. దిద్దాను, నేర్చుకున్నాను, ఇప్పటికీ కుడిచేత్తోనే రాస్తాను. కానీ పత్తి తీసేటప్పుడు, రాయి విసిరేటప్పుడు, జారిపోతున్న బిందెను పట్టుకునేటప్పుడు ఎడమచెయ్యే ముందు లేస్తుంది. డిగ్రీకి వచ్చేసరికి నేను మారిపోయానని ఇంట్లో అందరూ నమ్మారు. నేనూ నమ్మాను.

మార్తమ్మ మేడం గుంటూరులో మా కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడు చూసినా ఎవరితోనో వాదన మధ్యలోంచి లేచి వచ్చినట్టుండేవారు. ఆదివారం చర్చి ముగియగానే అదే తెల్లచీర మీద కాన్వాసు బూట్లు తొడుక్కుని, స్కూటరు వెనకసీటుకు ప్లేన్ రెక్కలు కట్టుకుని పెదకాకాని అవతల ఒక బీడుకు వచ్చేవారు. అక్కడ మోడల్ విమానాలు ఎగరేసేవాళ్ల చిన్న క్లబ్బు ఒకటి ఉండేది. ఆమె తప్ప అందరూ మగవాళ్లే. ఆమెను పొమ్మనడానికి వాళ్లకు ధైర్యం లేదు, రమ్మనడానికి మనసు లేదు. ఆమె ఆ రెండింటినీ లెక్కచేయలేదు. ఆసక్తి ఉన్న ఆడపిల్లలు ఎవరైనా రావచ్చని క్లాసులో చెబితే వెళ్లింది నేనొక్కదాన్నే. రిమోట్ అని నోరు జారితే ఊరుకునేవారు కాదు. రిమోట్ టీవీకి, దీన్ని రేడియో అనాలి అని కసిరేవారు.

క్లబ్బు రేడియోలో కుడి స్టిక్కు ప్లేన్‌ను తిప్పుతుంది, ఎత్తుతుంది, దించుతుంది. ఎడమది మోటారు సంగతి చూస్తుంది. గాలి లేనప్పుడు నేను బాగానే ఎగరేసేదాన్ని. ప్లేన్ ఒక పక్కకు ఒరిగిందంటే చాలు, కుడిచెయ్యి కొయ్యబారిపోయేది, ఎడమచెయ్యి కంగారుగా మోటారును ఎడాపెడా తోసేసేది. వరసగా కొన్ని వారాలపాటు క్లబ్బు ప్లేన్లను నేలకు కొట్టాను. ఆడపిల్లల చేతుల్లో నిలకడ ఉండదని సుబ్బారావు గారు తేల్చేశారు. ఆయన క్లబ్బులో పెద్దవారు, రిటైరైన ఇంజనీరు. చెడ్డవారేం కాదు, కాకపోతే ఆయన దగ్గర తీర్పు ముందు, విచారణ తర్వాత.

మేడం మాత్రం నా చేతులనే చూస్తూ ఉండిపోయారు. తర్వాత పరీక్షల గురించి ఏదో మాట్లాడుతూ, చెప్పాపెట్టకుండా స్కూటరు తాళాలు నా మొహం మీదికి విసిరారు. పట్టేసుకున్నాను. చూసుకుంటే తాళాలు నా ఎడమచేతిలో ఉన్నాయి.

“రాసేది ఏ చేత్తో?” అన్నారు.

“కుడిచేత్తోనండి.”

“అది వాళ్లు నీకు నేర్పిన చెయ్యి. భయమేసినప్పుడు ముందుకొచ్చేదే నీ చెయ్యి, కోటేశ్వరీ. రేడియో కొనాల్సింది దాని కోసం.”

పుట్టి బుద్ధెరిగాక ఆ చేతిని ఎవరైనా నాది అనడం అదే మొదలు. సిగ్గుపడకుండా చెబుతున్నాను, ఆ ఎండలో, అంతమంది మగవాళ్ల మధ్య నిలబడి ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. తాళాలు తీసుకుని స్కూటరు దగ్గరికి వెళ్లి మంచినీళ్లు తెచ్చిచ్చారు.

అప్పటినుంచి మా మాటలన్నీ రేడియో గురించే. ప్లేన్లు వస్తాయి, విరుగుతాయి, పోతాయి, రేడియో మిగులుతుంది, కాబట్టి కక్కుర్తి పడితే ప్లేన్ దగ్గర పడు, రేడియో దగ్గర పడకు అనేవారు. స్విచ్‌లు ఎన్నున్నాయో చూసి మురిసిపోవద్దు, వాటిలో సగం జన్మలో ముట్టుకోవు అనేవారు. ప్లేన్‌లో కూర్చుని రేడియో మాట వినే చిన్న రిసీవరు పాడైతే మళ్లీ దొరుకుతుందో లేదో కొనకముందే కనుక్కోమన్నారు. అన్నిటికంటే పెద్ద నియమం, చేత్తో పట్టుకుని చూడకుండా కొనకూడదు. చెప్పులు కాలికి తొడుక్కోకుండా కొంటామా అని ఆమె వాదన. క్లబ్బులో ఉన్న ప్రతి రేడియోనూ అడిగి తెచ్చి నా చేతుల్లో పెట్టి కళ్లు మూసుకోమనేవారు. బొటనవేళ్లు స్టిక్కుల చివరికి ఇబ్బంది లేకుండా అందుతున్నాయా, స్ప్రింగు బిగువు వేలికి తెలుస్తోందా అని అడిగేవారు. చాలావాటికి నా వేళ్లు చాలలేదు. అవన్నీ మగవాళ్ల చేతుల కొలతకు చేసినవి. తిరిగి తిరిగి చివరికి ఒక చిన్న రేడియో కుదిరింది. దాని వెనక మూత తీసి స్ప్రింగునూ పళ్ల రేకునూ ఇటువి అటు మార్చి బిగిస్తే, ప్లేన్‌ను తిప్పే పని ఎడమచేతికి వస్తుంది.

గొడవ అక్కడ వచ్చింది. సుబ్బారావు గారి అభ్యంతరం తీసిపారేసేదేం కాదు. కొత్తవాళ్ల ప్లేన్ అదుపు తప్పితే పక్కనున్నవాళ్లు రేడియో లాక్కుని దింపడం మా దగ్గర పద్ధతి. నా రేడియో తిరగేసి ఉంటే దాన్ని లాక్కున్నా ఎవరూ ఏమీ చేయలేరు.

“ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అని, ఎందుకు మేడం ఈ తంటా? ఆ పిల్ల ప్లేన్ పడిపోతుంటే పట్టుకునేదెవరు?” అన్నారు ఆయన.

“నేను పట్టుకుంటాను.”

“మీది కుడిచెయ్యి కదండీ.”

“అయితే నేర్చుకుంటాను లెండి,” అన్నారు మేడం, స్క్రూడ్రైవరు వెతుక్కుంటూ.

ఎంత మామూలుగా అన్నారంటే, అదెంత పెద్ద పనో నాకు ఆ పూట అర్థం కాలేదు. ఏళ్ల తరబడి ఒక రకంగా అలవాటైన చేతులకు తిరగేసి నేర్పడమంటే మాటలు కాదు. మధ్యాహ్నం భోజనం వేళ ల్యాబులో కంప్యూటరు ముందు స్టిక్కులు తిరగేసుకుని కూర్చుని తెరమీద ప్లేన్లు కూల్చేవారు. క్యారేజీ అలాగే పక్కన చల్లారిపోయేది. తర్వాత బీడులో, అందరి ఎదుటా, సొంతంగా చేసుకున్న పసుపుపచ్చ ప్లేన్‌ను నా రేడియోతో ఎగరేయబోయి నేలకు కొట్టారు. మగవాళ్లు కిసుక్కున నవ్వారు. ఈ వయసులో ఈ అవస్థ అవసరమా అని ఒకాయన జాలిపడ్డాడు. ఆమె ముక్కలు ఏరుకుంటూ, నవ్వడం అయిపోతే ఆ తోక ముక్క ఇటివ్వండి అన్నారు. నాకు మాత్రం ఆ నవ్విన ప్రతివాడి మీదా పీకలదాకా కోపం వచ్చింది. ఇప్పటికీ పోలేదు, పోగొట్టుకునే ఉద్దేశమూ లేదు.

ఆ ఏడు విజయదశమికి మా అమ్మ నా రేడియోను దేవుడి ముందు పెట్టింది. మా ఇళ్లల్లో పూజ చేయకుండా పనిముట్టును పనిలోకి దింపరు. ట్రాక్టరుకూ కుట్టుమిషనుకూ పెట్టినట్టే దానికీ పసుపు రాసి, రెండు స్టిక్కుల మొదట్లో చెరొక కుంకుమ బొట్టు శ్రద్ధగా పెట్టింది. తర్వాతి ఆదివారం ప్లేన్ పైకి లేచిందో లేదో చలిజ్వరం వచ్చినట్టు వణకడం మొదలుపెట్టింది. నేను ఎడమకు అంటే అది కుడికి తుళ్లుతోంది. మేడం చెయ్యి చాచారు, రేడియో ఇచ్చేశాను. తిరగేసిన స్టిక్కులతో, మాట వినని ఆ ప్లేన్‌ను ఆమె పెదవులు బిగపట్టి మెల్లమెల్లగా దించుకుంటూ వచ్చి పక్కన పత్తిచేలో పడుకోబెట్టారు. రెక్కకు గీత కూడా పడలేదు. ఆ పూట ఎవరూ నవ్వలేదు.

రేడియో మూత తీస్తే స్టిక్కుల అడుగున ఎర్రగా కుంకుమ పొడి, ఆ వణుకంతా దాని వల్లే. మగవాళ్లు రేడియోకు బొట్టేమిటని వెక్కిరించబోతే ఆమె ఒక్క చూపు చూశారు. బ్రష్షుతో అంతా దులిపి, నన్ను స్కూటరెక్కించుకుని తిన్నగా మా ఇంటికి వచ్చారు. చర్చికి వెళ్లే మేడం పూజ గురించి ఏమంటుందోనని మా అమ్మ బిక్కచచ్చిపోయింది.

“పూజ చేయండమ్మా, వద్దనను. కాకపోతే ఈసారి మిషనుకు వద్దు, దాన్ని నడిపే చేతికి చేయండి,” అన్నారు మేడం.

మా అమ్మ అలవాటు చొప్పున నా కుడిచెయ్యి అందుకోబోయింది. మేడం తల అడ్డంగా ఊపారు. ఎడమచేతికి పసుపు రాయడమా అని అమ్మ మంచం మీదున్న నాయనమ్మ వైపు చూసింది. నాయనమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది. మా అమ్మ కుంకుమ భరిణె అందుకుని నా ఎడమ మణికట్టుకు పసుపు రాసి బొట్టు పెట్టింది. నాయనమ్మ అడ్డు చెప్పకపోవడం మా ఇంట్లో చిన్న సంగతి కాదు.

కొన్నేళ్లకు మేడం చనిపోయారు. ఏడాది తిరక్కముందే మా ఊరి మహిళా సంఘానికి మందు కొట్టే డ్రోన్ వచ్చింది. దాన్ని నడపడానికి సంఘం నన్ను ఎంచుకుంది. శిక్షణకు వెళ్లి పాసు కావాలి. కాకపోతే డ్రోన్ పక్క ఊరి సంఘానికి వెళ్లిపోతుంది. శిక్షణ ఇచ్చే అతను నాకంటే చిన్నవాడు. స్టిక్కులు మార్చమంటే కుదరదన్నాడు. అందరూ ఒకటే రకంగా ఎగరేస్తారు, రూలు అంతే అన్నాడు. ఆ రూలు ఎక్కడుందో చూపించమన్నాను. చూపించలేదు. ఆ రేడియోలో మూత కూడా తీయక్కర్లేదు, తెరమీద రెండుసార్లు నొక్కితే మారుతుంది. మా సంఘం అధ్యక్షురాలు వెంకాయమ్మక్క నన్ను పక్కకు పిలిచి, ఈ ఒక్కరోజుకు అతను చెప్పినట్టు కానిచ్చెయ్యవే అని బతిమాలింది. ఆమె భయం ఆమెది. కానీ నాకు ఒళ్లు మండిపోయింది. ఈ ఒక్కరోజుకు, చుట్టాలు వచ్చారు కదా ఈ ఒక్కపూటకు, అంటూనే కదా నా చిన్నతనమంతా గడిపేశారు. మార్చకపోతే ఎగరేయను, ఎగరేయలేదని రాసుకోండి అని చెప్పి నేల మీద కూర్చున్నాను.

నా వెనకవాళ్లందరి పరీక్షా అయిపోయింది. నేను లేవలేదు. చివరికి అతనే విసుక్కుంటూ వచ్చి తెర నొక్కాడు.

“ఏదన్నా అయితే నీ రేడియో నేను తీసుకోలేను. తర్వాత నన్ననొద్దు,” అన్నాడు.

“తీసుకోవద్దండి,” అన్నాను.

డ్రోన్ లేచాక పడమటి గాలి ఒక్కసారిగా విసిరింది. అది కొట్టుకుపోతుంటే వెనక వెంకాయమ్మక్క దేవుణ్ణి తలుచుకోవడం వినిపించింది. నాకూ భయం వేసింది. భయం వేయగానే నా చెయ్యి ముందుకు వచ్చింది, డ్రోన్ వెనక్కి వచ్చింది. గీసిన గీతల మధ్యలో దింపాను.

అతను ఏదో రాసుకుంటుండగా, అప్పటికే పరీక్ష పూర్తయి పాసో కాదో తెలియక మూల కూర్చున్న ఒక పెద్దాయన లేచి వచ్చాడు. సింగరాయకొండ దగ్గర రైతు. శిక్షణ రోజులన్నీ నోరెత్తని మనిషి, పొద్దున డ్రోన్‌ను రెండుసార్లు గీత దాటించి తలవంచుకుని వెళ్లి కూర్చున్నవాడు.

“సారూ, నాది గూడా పుర్రచెయ్యే. నాగ్గూడా అట్టా మార్చి ఇంకోసారి ఇయ్యండి,” అన్నాడు.

ట్రైనరు నా వైపు చూశాడు. ఈయన డ్రోన్ అదుపు తప్పితే దింపేదెవరని అడగబోతున్నాడని మొహంలోనే తెలుస్తోంది. అడగనివ్వలేదు. నేను వెళ్లి ఆ పెద్దాయన పక్కన నిలబడ్డాను. చేతులు ఖాళీగా, సిద్ధంగా పెట్టుకుని, ఎగరేయండి బాబాయ్, నేనున్నాను అన్నాను.