మెట్ల మీద ఆడిన అబద్ధం

విజయేందర్ అమీర్‌పేట, పంజాగుట్ట గల్లీల్లో ఇళ్లకు ఇంటర్నెట్ లైన్లు వేస్తాడు. పదకొండేళ్లుగా అదే పని. ఫోన్ చేస్తే పండగనాడైనా వస్తాడని పేరు. ఆ పేరంటే అతనికి ప్రాణం.

అతనికొక అలవాటుండేది. రూటర్ బిగించిన ప్రతిచోటా లోపలి సెట్టింగులకు డబ్బాతో వచ్చిన పాస్‌వర్డే ఉంచేసేవాడు. బయటి నుంచి కూడా రూటర్ తెరుచుకునేలా దారి వదిలేవాడు. ఏ ఇంట్లో ఇబ్బంది వచ్చినా కూర్చున్నచోటి నుంచే సరిచేయొచ్చని. పాస్‌వర్డులు మార్చి ఆ దారులు మూసెయ్యమని కంపెనీ ఆఫీసు నుంచి రెండుసార్లు మెసేజ్ వచ్చింది. రెండుసార్లూ 'అయిపోయింది' అని జవాబు పెట్టాడు.

పంజాగుట్టలో రత్నమాలగారి ఆడపిల్లల హాస్టల్ ఉంది. నిరుడు వానాకాలంలో అక్కడ రవళి అనే అమ్మాయి మెయిల్ ఎవరి చేతికో చిక్కింది. ఆమె పేరుతో దొంగ లింకులు తెలిసినవాళ్లందరికీ వెళ్లాయి. ఇంటర్వ్యూకు పిలిచిన కంపెనీకీ వెళ్లాయి. వాళ్లు మళ్లీ పిలవలేదు. అనుమానం ఆమె గదిలోనే ఉండే నవీన మీద పడింది. నవీన అమీర్‌పేటలో నెట్‌వర్క్ సెక్యూరిటీ కోర్సు చదువుతోంది. "నువ్వు నేర్చుకునేదే ఆ విద్య కదమ్మా" అని రత్నమాలగారు అందరి ముందూ అనేసి, గది ఖాళీ చెయ్యమన్నారు.

ఆ మధ్యాహ్నమే, సైట్లు సరిగా తెరుచుకోవడం లేదని ఫిర్యాదు వస్తే విజయేందర్ వెళ్లాడు. రవళి, నవీనల సంగతి గేటు దగ్గరే విన్నాడు. మనం సైటు పేరు కొడితే, దాని అసలు చిరునామా చెప్పే సర్వర్ వేరే ఉంటుంది. దాన్నే డీఎన్ఎస్ అంటారు. ఏ సర్వర్‌ను అడగాలో రూటర్‌లో రాసి ఉంటుంది. అక్కడ తను ఎన్నడూ రాయని అంకెలు కనిపించాయి. ఎవరో తను వదిలిన దారిలోనే బయటి నుంచి దూరి మార్చారు. మెయిల్ పేరు కొడితే అచ్చం అలాగే ఉండే దొంగ పేజీ వస్తోంది. బ్రౌజర్ హెచ్చరించినా రవళి తొందరలో దాటేసి ఉంటుంది.

చెవులు వేడెక్కాయి. గబగబా అంకెలు సరిచేసి, దారి మూసి, పాస్‌వర్డ్ మార్చాడు.

"ఏంటయ్యా, ఏమైంది?" అన్నారు రత్నమాలగారు.

"ఏం లేదు మేడమ్. లైన్ల జర ప్రాబ్లముండె."

మెట్ల మీద నవీన రెండు సంచులతో దిగుతోంది. ఆగి అడిగింది. "అన్నా, రూటర్‌ల ఏమన్న తేడా ఉన్నదా? డీఎన్ఎస్ చూసినవా?"

ఆ పిల్లకు సరిగ్గా అర్థమైంది. ఆమె మాట వినేవాళ్లే లేరు.

"చూసిన చెల్లె. అంత మంచిగనే ఉన్నది" అన్నాడు.

ఆ వారంలో తిరిగిన ఇళ్లలో మరో ఆరుచోట్ల అవే దొంగ అంకెలు చూసి, ఎవరికీ చెప్పకుండా సరిచేశాడు. ఎవరైనా టీ ఇచ్చి "నువ్వుంటే మాకు ఫికరే లేదన్నా" అంటే గ్లాసు కిందపెట్టి లేచేవాడు. ఎనిమిదోరోజు హాస్టల్‌కు వెళ్లి జరిగిందంతా చెప్పాడు. రత్నమాలగారు తిట్టలేదు. "ఆ పిల్లని, తీసుకెళ్లడానికొచ్చిన వాళ్ల నాన్న ఎదుటే దొంగన్నానయ్యా" అని కుర్చీలో కూలబడ్డారు. ఆమె ఫోన్ చేస్తే నవీన ఎత్తలేదు.

నవీన ఎర్రగడ్డలో పిన్ని ఇంట్లో ఉందని తెలిసి విజయేందర్ అక్కడికి వెళ్లాడు. ఆమె లోపలికి రమ్మనలేదు. అతను చెప్పేదంతా గుమ్మంలోనే నిలబడి విన్నది.

"గా రోజు నిన్ను అడిగిన గద అన్నా."

"తప్పైంది చెల్లె" అన్నాడు.

"నాకు చెప్పుడు కాదు. గా పోరీలందరి ముంగట చెప్పు."

ఆదివారం హాస్టల్ భోజనాల గదిలో పదహారుమంది ముందు చెప్పాడు. రవళి ఏడుస్తూ బయటికి పోయింది. నవీన తలుపు దగ్గర నిలబడి చివరిదాకా విని వెళ్లిపోయింది. ఆ హాస్టల్‌కు మళ్లీ రాలేదు.

ఆఫీసుకూ నిజం చెప్పాడు. వాళ్లు రెండు నెలలు అతనికి కొత్త లైన్ల పని ఇవ్వలేదు. ఆ రెండు నెలలూ ఇల్లిల్లూ తిరిగి రూటర్లు సరిచేశాడు. "ఇప్పుడెందుకు మారుస్తున్నవ్?" అని అడిగినవాళ్లకు "తప్పు నాదే" అనేవాడు. కొందరు పర్లేదన్నారు. కొందరు వేరే మనిషిని పెట్టుకున్నారు. వాళ్ల గల్లీల్లోంచి వెళ్లేటప్పుడు ఇప్పటికీ బండి కాస్త వేగంగా పోనిస్తాడు.